బ్యాచ్‌లో తిరిగే కొడుకు: ఒక తల్లి ప్రశ్నకు జవాబు

ప్రశ్న ఇది: "మాది కోనసీమలో ఒక పల్లె. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. బాబుకి పదహారేళ్ళు దాటి నాలుగు నెలలు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఏడాదిగా ఒక బ్యాచ్‌తో తిరుగుతున్నాడు. కనుమ నాడు తీర్థంలో వీళ్ళకీ పక్క ఊరి బ్యాచ్‌కీ కొట్లాట జరిగి అవతలి కుర్రాడి తల పగిలింది. మావాడు తను చెయ్యి వెయ్యలేదంటున్నాడు. రేపు పొద్దున స్టేషన్‌కి తీసుకురమ్మని కబురు పెట్టారు. బ్యాచ్‌లో పెద్దవాడికి 24 ఏళ్ళుంటాయి. 'ప్లీడరు ఖర్చంతా నేను చూసుకుంటాను, మీరేం కంగారు పడకండి పిన్నిగారూ' అంటున్నాడు. మావాడి బతుకు ఇంక అంతేనా? వీణ్ణి ఆ బ్యాచ్ నుంచి ఎలా లాక్కురావాలి?"

అమ్మా, రేపటికి కావలసిన సంగతులు ముందు చెప్పి, బ్యాచ్ గురించి ఆ తర్వాత చెబుతాను. నేను ఉభయ గోదావరి జిల్లాల్లో చాలా ఏళ్ళు ప్రొబేషన్ అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. పిల్లల మీద కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వచ్చినవారి ఇళ్ళకు వెళ్ళి, ఎవరి దగ్గర పెరుగుతున్నారో, ఎవరితో తిరుగుతున్నారో, చదువు ఎక్కడ ఆగిపోయిందో కనుక్కుని బోర్డుకు నివేదిక రాయడమే నా ఉద్యోగం. మీ అబ్బాయి బతుకు అయిపోలేదు. మీ ధైర్యం కోసం ఈ మాట అనడం లేదు. చట్టమూ అదే చెబుతుంది, నేను చూసిన పిల్లల్లో చాలామంది తర్వాత బతికిన తీరూ అదే చెబుతుంది.

రేపు వెళ్ళేటప్పుడు అబ్బాయి టెన్త్ మార్కుల మెమో అసలు ప్రతి, దానితోపాటు రెండు జిరాక్సులు దగ్గర పెట్టుకోండి. ఆధార్ కార్డు ఒక్కటే చాలుననుకోకండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం దృష్టిలో సంఘటన జరిగిన నాటికి 18 ఏళ్ళు నిండని ప్రతివారూ బాలలే. ఆ వయసు తేల్చడానికి మొదట చూసేది బడి ధ్రువపత్రం లేదా టెన్త్ సర్టిఫికెట్, అవి లేనప్పుడే పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం, అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ప్రతి స్టేషన్‌లోనూ పిల్లల కేసులు చూసే బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరు ఉండాలి కాబట్టి, ఆయనతో మాట్లాడతామని వినయంగా అడగండి. పిల్లవాడికి బేడీలు వేయకూడదు, లాకప్‌లో పెట్టకూడదు, అదుపులోకి తీసుకున్న పక్షంలో ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా బోర్డు ముందు హాజరుపరచాలి. అతడి పేరు గానీ ఫోటో గానీ ఎవరు బయటపెట్టినా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టినవారికీ ఇది వర్తిస్తుంది. అలాంటిది కంటబడితే దాని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

దెబ్బ చిన్నదా పెద్దదా అన్నది ఆస్పత్రివారు గాయం గురించి రాసిచ్చే ఊండ్ సర్టిఫికెట్‌ను బట్టి తేలుతుంది, ఎముక విరిగిందని రాస్తే సెక్షన్ బరువెక్కుతుంది. అయినా 16 నిండిన పిల్లవాణ్ణి పెద్దవాడిలా విచారించాలా అన్న ప్రశ్న కనీస శిక్షే ఏడేళ్ళు లేదా అంతకు పైబడి ఉన్న నేరాల్లో మాత్రమే వస్తుంది. కొట్లాటలో తల పగిలిన కేసు, చివరికి హత్యాయత్నం సెక్షన్ పెట్టినా సరే, ఆ కోవలోకి రాదు. ఆ సెక్షన్లలో గరిష్ఠ శిక్ష పెద్దదే గాని ఏడేళ్ళ కనీస శిక్ష లేదు. 2020లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది, 2021 సవరణతో అది చట్టంలోకే చేరింది. కాబట్టి మీవాడి విషయం బోర్డులోనే తేలుతుంది. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. వారు మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజ సేవ చేయమనవచ్చు, ప్రొబేషన్ మీద ఇంటికి పంపవచ్చు. అన్నిటికన్నా కఠినమైన ఉత్తర్వు స్పెషల్ హోమ్‌లో మూడేళ్ళకు మించకుండా ఉంచడం. బోర్డు దోషి అన్నా కూడా అది తర్వాతి జీవితంలో అనర్హత కాకూడదని బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది.

"మావాడు చెయ్యి వెయ్యలేదు" అన్న మాట మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఒకే ఉద్దేశంతో గుమిగూడి నేరం చేస్తే ఆ గుంపులో ప్రతి ఒక్కరూ దోషులేనని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 190వ సెక్షన్ చెబుతుంది. పాత పీనల్ కోడులోనూ ఇదే ఉండేది. ఊరికే చూస్తూ నిలబడినవాడు గుంపులో భాగం కాడన్నది నిజమే. కాని అది రుజువు కావాలంటే అబ్బాయి మొదటి నుంచీ నిజం చెప్పాలి. తీర్థంలో నూరు ఫోన్లు వీడియో తీసి ఉంటాయి. "అసలు అక్కడ లేనేలేను" అని ఎవరైనా నేర్పితే, మొదటి వీడియో బయటికి రాగానే వాడు చెప్పిన నిజాలు కూడా అబద్ధాలైపోతాయి. ఈ రాత్రి మీరిద్దరే కూర్చుని, తిట్టకుండా, మొదటి నుంచి చివరిదాకా వాడి చేత చెప్పించుకోండి.

ఇక ఆ 24 ఏళ్ళ అబ్బాయి ప్లీడరు విషయం. అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన వాక్యం అదే. దయచేసి ఆ సాయం పుచ్చుకోకండి. దానికి మూడు కారణాలున్నాయి. మొదటిది, ఆ ప్లీడరు గారు ఎంత మంచివారైనా డబ్బు ఇచ్చినవాడి కేసు ముందు చూస్తారు. పెద్దవాణ్ణి తప్పించడానికి "మైనరుకి పెద్ద శిక్ష పడదు కదా" అని కర్ర పిల్లవాడి చేతిలో పెట్టిన కేసులు నేను ఒకటి కాదు, చాలా చూశాను. రెండోది, చిన్న నేరాల్లో, ఏడేళ్ళ కనీస శిక్ష లేని నేరాల్లో పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టకుండా స్టేషన్ జనరల్ డైరీలో రాసి బోర్డుకు పంపడం పద్ధతి, కాని పెద్దవారితో కలిసి చేసిన నేరమైతే ఎఫ్‌ఐఆర్ కడతారు. అంటే ఆ కుర్రాడు పక్కన ఉండడమే మీవాడి కేసును బరువెక్కించింది. విచారణ మాత్రం పెద్దవారితో కలిపి జరపకూడదు. మూడోది బెయిలు. పిల్లలకు బెయిలు ఇవ్వడమే నియమం, సెక్షన్ ఏదైనా సరే. నిరాకరించడానికి చట్టం ఒప్పుకున్న కొద్ది కారణాల్లో ఒకటి, బయటికి వస్తే నేరస్థుల సాంగత్యంలో పడతాడన్న నమ్మకం కలగడం. బ్యాచ్ పెద్దే ప్లీడరును పెట్టి, వాడే పూచీకత్తు తెచ్చి, వాడే కారులో ఇంటికి దింపితే బోర్డు ఏమనుకోవాలి? స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరును ఇస్తుంది, 15100కి ఫోన్ చేస్తే చాలు.

ఆ అప్పు డబ్బుతో తీరేది కాదని కూడా చెప్పాలి. "నీ కోసం స్టేషన్ చుట్టూ తిరిగాను" అన్న ఒక్క మాట పట్టుకుని రెండేళ్ళపాటు పనులు చేయించుకుంటారు. పందెం బరి దగ్గర కాపలాతో మొదలై, ఫలానా వాడిని బెదిరించి రమ్మనడం, ఫలానా సంచి ఫలానా చోట ఇచ్చి రమ్మనడం దాకా వెళుతుంది. పిల్లలను, విడిగా గానీ గ్యాంగుగా గానీ, చట్టవిరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దలకు ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల రూపాయల జరిమానా విధించవచ్చని బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్ అంటుంది. ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేసిన తల్లిదండ్రులను నా ఉద్యోగ కాలమంతటిలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. చెడ్డ పిల్లలు బ్యాచ్ కడతారా, బ్యాచ్ పిల్లలను చెడగొడుతుందా అన్నది పాత చర్చ. 1927లో అమెరికాలోని షికాగో నగరంలో ఫ్రెడరిక్ థ్రాషర్ అనే పరిశోధకుడు 1,313 ముఠాలను పరిశీలించి, చాలావరకు ఇవి ఆటల గుంపులుగా పుట్టి, ఇంకో గుంపుతో గొడవ వచ్చినప్పుడు గట్టిపడతాయని రాశాడు. అదే దేశంలో రోచెస్టర్ అనే ఊళ్ళో 1988 నుంచి దాదాపు వెయ్యి మంది పిల్లలను ఏళ్ళ తరబడి అనుసరించి చూస్తే, ముఠాలో ఉన్న కాలంలో వారి నేరాలు పెరిగాయి, బయటికి వచ్చాక తగ్గాయి. చేరకముందు వారు మిగతా పిల్లలకన్నా అంత ఘోరంగా ఏమీ లేరు. ముఠాలో చేరిన మగపిల్లల్లో సగం మంది ఏడాదికి మించి అందులో లేరు. మన కాలవ గట్టు బ్యాచ్‌కీ అమెరికా వీధి ముఠాకూ చాలా తేడా ఉంది, తుపాకులూ ఇలాకాలూ మనకు లేవు. కాని ఈ రెండు సంగతులు మాత్రం నేను మన డెల్టాలో కళ్ళారా చూశాను. గొడవ ఉంటేనే బ్యాచ్ బిగుస్తుంది, గొడవ లేని బ్యాచ్ సంక్రాంతి నుంచి ఉగాదికల్లా చెదిరిపోతుంది. పిల్లవాడు తనంతట తాను దాన్ని విడిచి వచ్చేదాకా వాడి మీద చెరగని ముద్ర పడకుండా కాపాడుకోగలిగితే, పెద్దలు చేయవలసిన పనిలో ముప్పాతిక వంతు అయినట్టే.

ఒక ఇంటి సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట నివేదిక కోసం రాజోలు వైపు ఒక పల్లెకు వెళ్ళాను. తల్లి మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, తండ్రి ఎటో వెళ్ళిపోయాడు, పిల్లవాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. రొయ్యల చెరువు గట్టు మీద మోటారు దొంగతనం కేసు అది. చూరు కారుతోందని అమ్మమ్మ పాక మీద పాత ఫ్లెక్సీ ఒకటి కప్పింది. నేను అరుగు మీద కూర్చుని రాసుకుంటుంటే వాడు మాటిమాటికీ పైకి చూస్తున్నాడు. ఏమిట్రా అంటే లేచి వెళ్ళి వేలు పెట్టి చూపించాడు. ఎవరిదో పుట్టినరోజుకు కట్టిన ఫ్లెక్సీ, పైన పెద్ద బొమ్మలు, అడుగున నాలుగు వరుసల్లో తపాలా బిళ్ళంత ఫోటోలు. "సంక్రాంతి ఫ్లెక్సీలో నాది ఆఖరి వరుసండి, దీంట్లో రెండో వరుసకి వచ్చిందండి" అన్నాడు. ఎండకు వెలిసి ఆ ఫోటోలో కళ్ళు తప్ప ఏమీ కనబడడం లేదు. ఆఖరి వరుసకూ రెండో వరుసకూ మధ్య ఆరు నెలలు, మోటారు దొంగతనం ఆ ఆరు నెలల్లోనే జరిగింది.

ఆ పిల్లవాడికి ఇంట్లో తిండికి లోటు లేదు, మస్కట్ డబ్బు నెలనెలా వచ్చేది. వాడి పేరు పెట్టి పిలిచి, ఇవాళ ఎక్కడికి వెళ్ళావు, ఎందుకు ఆలస్యమైంది అని అడిగే మగమనిషి ఆ ఇంట్లో లేడు. బ్యాచ్‌లో "అన్న" అలా అడిగేవాడు. గల్ఫ్‌కు మనుషులను పంపి బతికే మన పల్లెల్లో ఈ ఖాళీ ఇంటింటా ఉంది. దాన్ని చదువు మానేసినవారూ, నాయకుల వెనక తిరిగేవారూ, అభిమాన సంఘాలవారూ, కులం పేరు చెప్పి కుర్రాళ్ళను పోగేసేవారూ నింపుతున్నారు. బైకు, బిర్యానీ, పుట్టినరోజుకు నడిరోడ్డు మీద కత్తితో కోసే కేకు, వీటి కోసమే పిల్లలు వెళతారని అనుకుంటాం. లెక్కలోకి రావడం కోసం వెళతారు.

గుంపులో ఉన్నప్పుడు ఆ వయసు పిల్లల మెదడు వేరేలా నడుస్తుందనడానికి ఆధారాలున్నాయి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించి చూశారు. ఒంటరిగా ఆడినప్పటికన్నా తోటివారు పక్కన ఉన్నప్పుడు కుర్రాళ్ళు ఎక్కువ సాహసాలు చేశారు, పెద్దవారిలో అలాంటి తేడా కనబడలేదు. మీ అబ్బాయి ఒంటరిగా మీతో ఉన్నప్పుడు బుద్ధిమంతుడే అయి ఉంటాడు. "మావాడు అలాంటివాడు కాడు" అని తల్లులు అనే మాట అబద్ధం కాదు, వాళ్ళు చూసేది ఒంటరిగా ఉన్న కొడుకుని.

అందుకే కొన్ని పనులు చేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. ఎస్సై గారిని బతిమాలి "రెండు తగిలించండి, భయం ఉంటుంది" అనకండి. అది చట్టవిరుద్ధం, పైగా పని చేయదు. అమెరికాలో కుర్రాళ్ళను జైళ్ళకు తీసుకెళ్ళి ఖైదీల చేత భయపెట్టించే కార్యక్రమాలు చాలా ఏళ్ళు నడిపారు. తర్వాత లెక్కలు తీస్తే, అసలు తీసుకెళ్ళని పిల్లలకన్నా తీసుకెళ్ళిన పిల్లలే ఎక్కువ నేరాలు చేసినట్టు తేలింది. మన దగ్గర దెబ్బలు తిని వచ్చిన పిల్లవాడికి బ్యాచ్‌లో వరుస పెరుగుతుంది, అంతే. అలాగే, ఊరు మార్చేద్దామన్న ఆత్రంలో, మాట వినని పిల్లలందరినీ ఒకచోట చేర్చి క్రమశిక్షణ నేర్పుతామనే హాస్టల్లో పడేయకండి. తప్పుదారి పట్టిన పిల్లలను గుంపుగా కూర్చోబెట్టి బాగుచేయాలని చూస్తే ఒకరి నుంచి ఒకరు నేర్చుకుని ఇంకా చెడిపోతారని పరిశోధకులు పలుచోట్ల గమనించారు. కౌన్సెలింగ్‌కు పంపితే ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడేవారి దగ్గరికే పంపమని బోర్డును మీరు అడగవచ్చు.

చేయవలసింది నెమ్మదిగా సాగే పని. బ్యాచ్‌కు ఒక వేళ ఉంటుంది. సాధారణంగా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది, వంతెన దగ్గరో పాన్ షాపు దగ్గరో. ఆ మూడు గంటలకు ఒక పనీ, ఒక మనిషీ కావాలి. మేనమామ ఉంటే ఆయన కన్నా మంచి మనిషి దొరకడు. కొబ్బరి దింపు లెక్క చూడడమో, ఆక్వా చెరువుకు మేత వేయించడమో, షాపులో కూర్చోవడమో, కష్టం తక్కువైనా బాధ్యత ఉన్న పని అప్పజెప్పమనండి. బ్యాచ్ వాళ్ళు పిలిచినప్పుడు "మా మావయ్య తిడతాడు రా" అని తప్పుకోవడానికి వాడికి ఒక సాకు దొరకడం ముఖ్యం. "ఇక మీతో రాను" అని తెగేసి చెప్పమని ఒత్తిడి చేయకండి. బయటపడినవారిలో చాలామంది ఒక వారం వెళ్ళకపోవడం, తర్వాత రెండు వారాలు వెళ్ళకపోవడం, అలా జారిపోయినవారే. తెగేసి చెప్పినవాడే పిరికివాడనిపించుకుని ఇంకో గొడవలో ఇరుక్కుంటాడు. మీవారిని రోజూ ఒకే వేళకు వీడియో కాల్ చేయమనండి. మొదటి నెల రోజులు ఈ కేసు ఊసెత్తకుండా ఇంటి సంగతులు వాడినే అడిగి తెలుసుకోమనండి, బ్యాంకు పనులు వాడి చేతే చేయించమనండి. ఇంట్లో బైకు ఉంటే తాళం మీ దగ్గర పెట్టుకోండి. మైనరు నడిపి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం సంరక్షకులకూ బండి యజమానికీ మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, పిల్లవాడికి 25 ఏళ్ళ దాకా లైసెన్సు రాకపోవడం ఉంటాయి. వాడికి బ్యాచ్‌లో బాకీ ఏమైనా ఉందేమో మెల్లగా కనుక్కోండి. వెయ్యో రెండు వేలో బాకీ ఉండబట్టి వెనక్కి రాలేకపోయిన పిల్లలను చూశాను. ఉంటే మీరే పిలిచి, నలుగురి ముందు ఇచ్చేయండి.

ఒక్క విషయంలో మాత్రం నెమ్మది పనికిరాదు. రాజమండ్రిలో బ్లేడ్ బ్యాచ్ అన్న పేరు మీరు విని ఉంటారు. గంజాయి, వైట్‌నర్ లాంటి వాటికి అలవాటు పడి, సగానికి విరిచిన బ్లేడు వేళ్ళ మధ్య పెట్టుకుని రాత్రివేళ దారినపోయేవారిని బెదిరించి డబ్బు గుంజుకునే కుర్రాళ్ళు వారు. మన్యం నుంచి గంజాయి దిగే దారిలో ఉన్నాం మనం. మైనరు అయితే అనుమానించరు, పట్టుబడినా తేలిగ్గా వదిలేస్తారని చెప్పి సంచి పిల్లవాడి బండి మీద పెడతారు. ఆ మాట నమ్మి మోసపోయిన పిల్లలున్నారు. గంజాయి 20 కిలోలు దాటితే కనీస శిక్షే పదేళ్ళు. అప్పుడు 16 దాటిన పిల్లవాణ్ణి పెద్దవాడిలా విచారించాలా అని బోర్డు పరీక్షించవలసి వస్తుంది. హత్య కేసూ, మైనరు బాలికపై సామూహిక అత్యాచారం కేసూ ఇలాంటివే, చేసినవాడితో పాటు వెంట ఉన్నవాడూ అందులోకి వెళ్ళిపోతాడు. వాడి బట్టల్లో కొత్త వాసన, ఎర్రబడ్డ కళ్ళు, లెక్క చెప్పలేని డబ్బు, రాజమండ్రి వైపో ఏజెన్సీ వైపో ఉన్నట్టుండి ప్రయాణాలు, ఇవి కనబడితే మర్నాటిదాకా ఆగకండి. అలవాటు మాన్పించడానికి 14446, మత్తు రవాణా గురించి చెప్పడానికి 1972, పిల్లవాడికి ప్రమాదం ఉందనుకుంటే 1098. పిల్లలకు మత్తు ఇచ్చేవారికీ, వారి చేత మోయించేవారికీ ఏడేళ్ళ వరకు శిక్ష ఉంది, పేరు చెప్పడానికి వెనకాడకండి.

అబ్బాయిని బోర్డు ముందు మొదటిసారి హాజరుపరిచిన నాటి నుంచి 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి కాబట్టి, ఆలోగా ఒక ప్రొబేషన్ అధికారి మీ ఇంటికి రావచ్చు. ఆయన్ని పోలీసులా చూసి భయపడకండి, మంచి మాటలతో నింపిన అబద్ధాలూ చెప్పకండి. మేనమామ పేరు, వాడు చేస్తున్న పని, కాలేజీ హాజరు, మీవారి ఫోన్ వేళ, ఇవి నిజంగా ఉంటే నివేదికలో అవే నిలబడతాయి. నేను రాసిన నివేదికల్లో బోర్డు పెన్నుతో గీత గీసుకుని చదివినవి అలాంటి వాక్యాలే.

ఈ రాత్రికి ఆ 24 ఏళ్ళ అబ్బాయికి మీరే ఫోన్ చేసి, "నీ సాయానికి సంతోషం బాబూ, మావాళ్ళు చూసుకుంటున్నారు" అని మాత్రం చెప్పండి, వాదన పెట్టుకోకండి. మెమో, జిరాక్సులు కవరులో పెట్టి తలుపు పక్కన ఉంచండి. రేపు అబ్బాయికి తలంటి పోసి, కడుపు నిండా తినిపించి తీసుకెళ్ళండి, స్టేషన్‌లో ఎంతసేపు కూర్చోవలసి వస్తుందో చెప్పలేం. లోపలికి వెళ్ళేటప్పుడు వాడి పక్కనే మీరు నడవండి.